ఆత్యయిక పరిస్థితి: ఆమోదించేదెవరు, అంతం చేసేదెవరు?

ఈ మధ్య మార్కాపురంలో కొందరు అధ్యాపకులూ విద్యార్థులూ కలిసి జరుపుకున్న గోష్ఠిలో రెండు వాదనలు విన్నాను. రెండూ మన పక్షం నుంచే వచ్చాయి గనుక వాటికి జవాబు చెప్పడం నా విధి అనుకుంటున్నాను. మొదటి వాదన రాజనీతిశాస్త్రం బోధించే ఒక మిత్రునిది. "44వ రాజ్యాంగ సవరణతో ఆ దారి మూసేశారు. 1975 మళ్ళీ రాదు. ఇప్పుడు దాన్ని గురించి మాట్లాడడం చరిత్ర పాఠమే తప్ప రాజకీయం కాదు" అన్నాడాయన. రెండో వాదన ఒక విద్యార్థిది. "రాజ్యాంగం పాలకవర్గం తన కోసం రాసుకున్న కాగితం. ఆమోదానికి గడువు రెండు నెలలైతేనేం, ఒక నెలైతేనేం? లాఠీ ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న" అన్నాడతను.

పైకి ఈ రెండు వాదనలూ ఉప్పూ నిప్పులా కనిపిస్తాయి. కాని ఫలితం ఒక్కటే. మొదటి వాదన, భయం లేదు కాబట్టి చదవనక్కర లేదంటుంది. రెండోది, ఆశ లేదు కాబట్టి చదవనక్కర లేదంటుంది. చదవని ప్రజ ఉన్నంతకాలం పాలకులకు ఏ అధికరణంతోనూ ఇబ్బంది లేదు. అంచేత ముందు ఆ అధికరణాన్ని, అది నడిచిన తీరును చూద్దాం. తర్వాత ఇద్దరు మిత్రులకూ జవాబు చెబుతాను.

352వ అధికరణం ఆకాశం నుండి ఊడిపడలేదు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టంలో గవర్నర్ జనరల్‌కు తెల్లదొరలు ఇచ్చుకున్న అధికారమే కొత్త బట్టలు కట్టుకుని మన రాజ్యాంగంలోకి నడిచి వచ్చింది. 1949 ఆగస్టులో రాజ్యాంగసభలో ఈ భాగం చర్చకు వచ్చినప్పుడు హెచ్.వి.కామత్ లేచి, జర్మనీలో వైమార్ రాజ్యాంగపు 48వ అధికరణం ఏం చేసిందో గుర్తు చేశాడు. ఆ అధికరణాన్ని ఆధారం చేసుకునే 1933 ఫిబ్రవరి 28న పౌరహక్కులను రద్దు చేస్తూ ఉత్తర్వు జారీ అయింది. హిట్లర్ రాజ్యం కూలిపోయే దాకా, అంటే 1945 దాకా, ఆ ఉత్తర్వు అమలులోనే ఉంది. తాత్కాలికమని చెప్పి తెచ్చింది పన్నెండేళ్ళు నిలిచింది. కామత్ చెప్పిన మాట సభ వినలేదు. ప్రకటనకు మూడు కారణాలు చాలునని తీర్మానించింది: యుద్ధం, బయటి దురాక్రమణ, లోపలి అలజడి. ఈ మూడోదానికి అర్థం ఎవరు చెప్పాలి? ప్రకటన చేసేవాడే చెప్పుకోవాలి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు!

మొదటి రాజ్యాంగంలో పద్ధతి ఎలా ఉండేది? రాష్ట్రపతి ప్రకటిస్తాడు. రెండు నెలల లోపు పార్లమెంటు ఉభయసభలూ ఆమోదించాలి. అందుకు మామూలు మెజారిటీ చాలు. ఒకసారి ఆమోదించాక దానికి గడువంటూ లేదు; మళ్ళీ సభ ముందుకు రానక్కర లేదు. అంతం చెయ్యాలంటే? రాష్ట్రపతే మరో ప్రకటనతో దాన్ని ఉపసంహరించాలి. రాష్ట్రపతి అంటే మంత్రిమండలి. మంత్రిమండలి అంటే ఆ ప్రకటన చేయించినవారే. రావడానికి సింహద్వారం పెట్టారు, పోవడానికి దిడ్డివాకిలి కూడా పెట్టలేదు. ఇది రాతలో పొరపాటు కాదు. ఆస్తికి కాపలా కాసే రాజ్యం తన కత్తిని ఒర నుండి తియ్యడం సులభంగానూ, తిరిగి ఒరలో పెట్టడం కష్టంగానూ చేసుకుంటుంది.

ఇది ఊహ కాదనడానికి 1962 సాక్ష్యం. చైనాతో సరిహద్దు యుద్ధం వచ్చినప్పుడు అక్టోబరు 26న మొదటి ప్రకటన వెలువడింది. ఆ రోజునే భారత రక్షణ ఆర్డినెన్సు వచ్చింది. నవంబరు 3న, హక్కుల కోసం కోర్టుకు పోయే దారిని మూస్తూ రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. పార్లమెంటు సమావేశమైంది నవంబరు 8న. ఆమోదించింది 14న. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు. ఇక్కడ కనీసం మొరగడమైనా లేదు. సభ ముందుకు వచ్చేసరికే పని అంతా జరిగిపోయింది.

ఆనాటికి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. మార్కాపురం పేరుతోనే ఒక లోక్‌సభ స్థానం ఉండేది. 1962 ఎన్నికల్లో అక్కడ గెలిచినవాడు కమ్యూనిస్టు పార్టీకి చెందిన గుజ్జుల యల్లమందారెడ్డి. ఆ పార్టీ జాతీయ సమితి నవంబరు మొదట్లోనే చైనా చర్యను ఖండించి దేశరక్షణను సమర్థించింది. అయినా కొద్దివారాలు తిరగకుండానే వందలాది కమ్యూనిస్టులను భారత రక్షణ నిబంధనల కింద జైళ్ళలో పెట్టారు. చైనా తనంతట తాను కాల్పుల విరమణ ప్రకటించింది నవంబరు 21న. తుపాకులు ఆగాయి, ఆత్యయిక పరిస్థితి ఆగలేదు. 1964 డిసెంబరు చివర మళ్ళీ దేశమంతటా మార్క్సిస్టు పార్టీ నాయకులను అరెస్టు చేసినప్పుడు ఉపయోగపడింది ఆ నిబంధనలే. 1967 సార్వత్రిక ఎన్నికలు దాని నీడలోనే జరిగాయి. యల్లమందారెడ్డి పదవీకాలం ముగిసింది, ఆయన కూర్చున్న సభ రద్దయింది; ఆ సభ ఆమోదించిన ప్రకటన మాత్రం 1968 జనవరి 10 దాకా బతికే ఉంది. నెల రోజులు సాగిన యుద్ధానికి ఐదేళ్ళకు పైబడిన ఆత్యయిక పరిస్థితి! మార్కాపురం పలకల మీద చిన్నపిల్లలు రాసింది తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఢిల్లీలో రాసింది తుడవడానికి ఆ గుడ్డ ఎవరి చేతిలోనూ లేదు.

ఆ ఐదేళ్ళలో జరిగిన ఒక చిన్న కథ రచయితలుగా మనం గుర్తుంచుకోవాలి. మహారాష్ట్రలో ప్రభాకర్ పాండురంగ్ సంజ్‌గిరి అనే డిటెన్యూ జైలులో కూర్చుని పరమాణువు గురించి మరాఠీలో ఒక శాస్త్ర గ్రంథం రాశాడు. దాన్ని అచ్చుకు పంపడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. పరమాణువు గుట్టు తెలిస్తే దేశరక్షణకు ఏ ప్రమాదం ముంచుకొస్తుందో ఆ అధికారులకే తెలియాలి! 1965లో సుప్రీంకోర్టు, మన రాజమహేంద్రవరం వాడైన జస్టిస్ కోకా సుబ్బారావు కలంతో, ఆ గ్రంథాన్ని బయటికి పంపవలసిందేనని తీర్పు చెప్పింది. నిర్బంధపు షరతులు చట్టంలో రాసి ఉండాలి తప్ప జైలరు ఇష్టం కాదని ఆ తీర్పు సారాంశం. కాబట్టి అధికరణం, నిబంధన, షరతు అనే మాటలు ఉత్త కాగితం కాదు. ఒక్కోసారి ఆ కాగితపు చీలికలోంచే ఒక పుస్తకం జైలు దాటి వస్తుంది. రెండో వాదన చేసిన విద్యార్థి మిత్రుడు ఈ సంగతి ఆలోచించాలి.

1971 డిసెంబరు 3న పాకిస్తాన్‌తో యుద్ధం సందర్భంలో రెండో ప్రకటన వచ్చింది. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. యుద్ధం పదమూడు రోజులు. ప్రకటన 1977 మార్చి 27 దాకా. అది అమలులో ఉండగానే, జై ఆంధ్ర ఉద్యమం నడుస్తున్న 1973 జనవరిలో, మన రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన పెట్టారు. అది అమలులో ఉండగానే 1975 జూన్ 25 రాత్రి మూడో ప్రకటన మీద ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం చేశాడు. అలహాబాదు హైకోర్టు ప్రధానమంత్రి ఎన్నికను కొట్టివేసి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. మంత్రివర్గానికి సంగతి తెలిసింది మరునాటి ఉదయం. ఈసారి చెప్పిన కారణం లోపలి అలజడి. ఇంట్లో దీపం వెలుగుతుండగా మరో దీపం వెలిగించినట్టు కాదు ఇది. సంకెల మీద సంకెల వేసినట్టు.

జూలై 21న పార్లమెంటు సమావేశమైంది. ప్రతిపక్ష సభ్యులు పలువురు అప్పటికే జైళ్ళలో ఉన్నారు. 22న రాజ్యసభ 136 - 33 ఓట్లతో, 23న లోక్‌సభ 336 - 59 ఓట్లతో ఆమోదించాయి. ఆగస్టు 1 నాటికి 38వ సవరణ అమలులోకి వచ్చింది: రాష్ట్రపతి తృప్తే తుది మాట, ఏ కోర్టూ దాన్ని ప్రశ్నించరాదని దాని సారం. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో, ఆత్యయిక పరిస్థితిలో అక్రమంగా నిర్బంధించినా హెబియస్ కార్పస్ అడిగే హక్కు లేదని తీర్పు చెప్పింది. జస్టిస్ ఖన్నా ఒక్కడే కాదన్నాడు. ఆ తీర్పు తప్పని కోర్టు ఒప్పుకోవడానికి 2017 దాకా పట్టింది.

మన రాష్ట్రంలో జలగం వెంగళరావు ప్రభుత్వం ఆ కాలాన్ని ఎలా వాడుకుందో మరిచిపోతే మనం చదువుకున్నవాళ్ళం కాదు. 1975 జూలై 25న మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో సూరపనేని జనార్దన్‌నూ మరో ముగ్గురినీ పోలీసులు కాల్చి చంపి ఎన్‌కౌంటర్ అన్నారు. లోక్‌సభ ఆమోదం తెలిపి అప్పటికి రెండే రోజులు. డిసెంబరు 1న ముషీరాబాద్ జైలులో భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీశారు. వరవరరావు, చెరబండరాజు వంటి రచయితలు జైళ్ళలో ఉన్నారు. తరిమెల నాగిరెడ్డి 1976 జూలైలో అజ్ఞాతంలోనే, మారుపేరుతో ఆసుపత్రిలో చేరి కన్నుమూశాడు. ఇవి పత్రికల్లో రాలేదు. సెన్సారు కత్తెర రానివ్వలేదు.

ఇక అంతం ఎలా జరిగింది? పార్లమెంటు అంతం చేసిందా? లేదు. కోర్టు చేసిందా? లేదు. 1977 మార్చి ఎన్నికల్లో ఓడిపోయిన ప్రభుత్వం గద్దె దిగే ముందు సలహా ఇస్తే, తాత్కాలిక రాష్ట్రపతి బి.డి.జత్తి మార్చి 21న ఉపసంహరించాడు. అంటే ఉత్తరాది ఓటరు దాన్ని అంతం చేశాడు. మన సంగతి? ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చాం. గిద్దలూరు నుండి రైలెక్కి నల్లమల దాటితే వచ్చే నంద్యాల ఒక్కచోటే నీలం సంజీవరెడ్డి జనతా పక్షాన గెలిచాడు. తెలుగు ఓటరు అజ్ఞాని అని చెప్పడానికి నేనిది రాయడం లేదు. బలవంతపు కుటుంబ నియంత్రణ దెబ్బ ఉత్తరాదిన పడ్డట్టు ఇక్కడ పడలేదు. ఇరవై సూత్రాల కార్యక్రమం పేదవాడికి పట్టా ఆశ చూపింది. గిరాయిపల్లి సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాళ్ళు జైలులోనో, మౌనంలోనో ఉన్నారు. దీన్ని బట్టి తేలేదేమిటి? ఎన్నికల పెట్టె దానంతటదే రక్షించదు. చెప్పే నోరూ వినే చెవీ ఉంటేనే అది పని చేస్తుంది.

ఇప్పుడు మొదటి మిత్రుని వాదనకు వద్దాం. 44వ సవరణను 1978లో పార్లమెంటు ఆమోదించింది. ఆ నంద్యాల సభ్యుడే రాష్ట్రపతిగా 1979 ఏప్రిల్ 30న దాని మీద సంతకం చేశాడు. అది చేసిన మేలును నేను తక్కువ చెయ్యను. "లోపలి అలజడి" అన్న మాట తీసేసి "సాయుధ తిరుగుబాటు" అని పెట్టారు. కాబినెట్ నిర్ణయాన్ని లిఖితపూర్వకంగా తెలిపితే తప్ప రాష్ట్రపతి ప్రకటించరాదన్నారు. మన రాజ్యాంగంలో కాబినెట్ అన్న మాట కనిపించేది ఈ ఒక్క అధికరణంలోనే. ఆమోదానికి గడువు రెండు నెలల నుండి ఒక నెలకు తగ్గింది. ప్రతి సభలోనూ మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటు చేసినవారిలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా మద్దతు ఉండాలి. ఆమోదించినా ఆరు నెలలే. ఆపైన సాగాలంటే మళ్ళీ అదే మెజారిటీ కావాలి. జీవించే హక్కు చెప్పే 21వ అధికరణం, నేరశిక్షల విషయం చెప్పే 20వ అధికరణం ఏ ప్రకటన కిందా నిలిపివేయరాదు. అంతం చెయ్యడానికి కూడా ఒక దారి పెట్టారు: లోక్‌సభ సభ్యుల్లో పదోవంతు మంది లిఖితపూర్వకంగా నోటీసు ఇస్తే, సభ లేని కాలమైనా సరే, పద్నాలుగు రోజుల లోపు ప్రత్యేక సమావేశం పెట్టాలి. అక్కడ మామూలు మెజారిటీ వద్దంటే చాలు, రాష్ట్రపతి ఉపసంహరించి తీరాలి.

మంచిదే. కాని ఆ మిత్రుడు ఒక్కసారి లెక్క వేసి చూడాలి. 1975 జూలై ఓట్లకు ఈ కొత్త కొలత పెట్టి చూడండి. లోక్‌సభలో ఓటు చేసిన 395 మందిలో 336 మంది, అంటే వందకు ఎనభై ఐదుగురు ఔనన్నారు. రమారమి 520 మంది ఉన్న సభలో 336 సగానికి ఎంతో పైన. రాజ్యసభలో 169 మందిలో 136 మంది. రెండు సభల్లోనూ ఆ ప్రకటన కొత్త పరీక్షలో కూడా నెగ్గేది! ఆరు నెలలకోసారి మళ్ళీ మళ్ళీ నెగ్గేది. పోనీ పదోవంతు నోటీసు? కాదన్న 59 మంది నోటీసు ఇవ్వగలిగేవారు. ప్రత్యేక సమావేశం జరిగేది. అక్కడ మెజారిటీ ఆ 336 మందిదే. అంటే పెద్ద మెజారిటీ ఉన్న ప్రభుత్వానికి సంఖ్య అడ్డు కాదు. సంఖ్య అడ్డు అయ్యేది ఇప్పటికే బలహీనంగా ఉన్న ప్రభుత్వానికే.

నోటీసు సంగతి ఇంకా చూడండి. నేటి లోక్‌సభ 543 మందిలో పదోవంతు అంటే 55 మంది. ఆంధ్రప్రదేశ్ నుండి 25, తెలంగాణ నుండి 17, తెలుగువాళ్ళ సభ్యులందరూ పార్టీలు మరిచి ఒక్కటైనా 42. పదమూడు మందిని పక్క రాష్ట్రాల నుండి అప్పు తెచ్చుకోవాలి. ఈ హక్కు రాజ్యసభకు లేనే లేదు. లోక్‌సభ రద్దయి ఉన్న కాలంలో రాజ్యసభ ఒక్కటి ఆమోదిస్తే, కొత్త లోక్‌సభ కూర్చున్న తర్వాత ముప్పై రోజుల దాకా ప్రకటన నిలుస్తుంది. ఆ మధ్యలో నోటీసు ఇవ్వడానికి సభ్యుడే ఉండడు. కనుక దారి మూసేశారన్న మాట నిజం కాదు. దారికి గడియ పెట్టారు. ఆ గడియ తీసే శక్తి మెజారిటీ చేతిలోనే ఉంది.

44వ సవరణలో నిజంగా బలమైనవి సంఖ్యలు కావు. "లోపలి అలజడి" అన్న సాకు పోవడం, ప్రాణహక్కు నిలవడం, ఆరు నెలలకోసారి ప్రభుత్వం జనం ముందు నిలబడి కారణం చెప్పుకోవలసి రావడం, ఇవీ బలమైనవి. సరిగ్గా ఈ కారణం చేతనే 1979 తర్వాత ఏ ప్రభుత్వమూ 352 గుమ్మం తొక్కలేదు. "సాయుధ తిరుగుబాటు" అన్న పేరు మీద ఇంతవరకు ఒక్క ప్రకటన రాలేదు. తొక్కవలసిన అవసరం వారికి లేకపోయింది. సింహద్వారం దగ్గర కాపలా పెట్టగానే వాళ్ళు ఇంటి వెనక గోడకు కన్నం వేసుకున్నారు.

ఆ కన్నం ఎక్కడుందో చెబుతాను. 44వ సవరణ చట్టంలో మూడో సెక్షన్ ఒకటి ఉంది. విచారణ లేని నిర్బంధాన్ని గురించి చెప్పే 22వ అధికరణాన్ని అది కొంత మెరుగుపరచింది: సలహామండలి అభిప్రాయం లేకుండా మనిషిని ఉంచగల కాలాన్ని మూడు నెలల నుండి రెండు నెలలకు తగ్గించి, ఆ మండలిని హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసు మీద వెయ్యాలన్నది. పార్లమెంటు దీన్ని మూడింట రెండు వంతుల మెజారిటీతో ఆమోదించింది. రాష్ట్రపతి సంతకం చేశాడు. కాని ఏ సెక్షన్‌ను ఏ తేదీ నుండి అమలు చెయ్యాలో ప్రభుత్వం గెజెట్‌లో ప్రకటించాలట. మిగిలినవన్నీ ప్రకటించారు, మూడో సెక్షన్‌ను మాత్రం ఏ ప్రభుత్వమూ ప్రకటించలేదు. జనతా పోయింది, కాంగ్రెస్ వచ్చింది, ఫ్రంట్లు వచ్చాయి, భారతీయ జనతా పార్టీ వచ్చింది. ఇందులో మాత్రం అందరిదీ ఒకే మాట. జాతీయ భద్రతా చట్టం కింద జైలుపాలైన ధన్‌బాద్ మార్క్సిస్టు పార్లమెంటు సభ్యుడు ఎ.కె.రాయ్ ఈ సంగతి కోర్టు ముందు పెడితే, 1981 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని ఆజ్ఞాపించలేమన్నది. 1950లో ఎ.కె.గోపాలన్, 1981లో ఎ.కె.రాయ్. నిర్బంధ చట్టాల చరిత్రలో మొదటి పేజీ మీదా, నడిమి పేజీ మీదా మనవాళ్ళ పేర్లే ఉన్నాయి.

1950 నాటి నిర్బంధ చట్టానికి మొదట ఒక్క ఏడాదే ఆయువు. దాన్ని పొడిగిస్తూ పొడిగిస్తూ 1969 చివరిదాకా లాగారు. పొడిగించిన ప్రతిసారీ పార్లమెంటులో కనీసం ఒక చర్చ జరిగేది. 1980 నాటి జాతీయ భద్రతా చట్టానికి ఆ బాధ కూడా లేదు. దానికి గడువే రాయలేదు. 1967 నాటి చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టానికి 2008లో చేసిన సవరణ బెయిలు దారిని దాదాపు మూసేసింది; అభియోగపత్రం లేకుండా 180 రోజులు జైలులో ఉంచవచ్చు. 1975లో వరవరరావును జైలులో పెట్టడానికి ఒక ప్రకటన, ఒక గెజెట్, రెండు సభల ఓటు కావలసి వచ్చాయి. 2018లో ఆయన్ను మళ్ళీ జైలులో పెట్టడానికి అవేవీ అక్కర లేకపోయాయి. అదే కేసులో స్టాన్ స్వామి 2021 జూలైలో నిర్బంధంలోనే చనిపోయాడు. 2004లో చర్చల కోసం నల్లమల నుండి మావోయిస్టు ప్రతినిధులు బయటికి వచ్చారు. చర్చలు విఫలమయ్యాక అడవి మళ్ళీ పోలీసు వేటకు నిలయమైంది. అడవి అంచు గూడేల్లోని చెంచుల బతుకులో ఆత్యయిక పరిస్థితి ఎప్పుడు ప్రకటించారు, ఎప్పుడు ఉపసంహరించారు అని ఎవరినైనా అడగండి. దానికి తేదీలు లేవు.

2020 మార్చి సంగతి మరీ కొత్తది. 23న పార్లమెంటు నిరవధికంగా వాయిదా పడింది. 24 రాత్రి, నాలుగు గంటల వ్యవధి ఇచ్చి, యావద్దేశాన్ని ఇళ్ళలో మూసేశారు. ఆధారం 2005 నాటి విపత్తుల నిర్వహణ చట్టం. 352 కింద చేసి ఉంటే నెల రోజుల్లో రెండు సభల ముందుకు రావలసి వచ్చేది. ఈ చట్టం కింద ఒక్క ఓటు అక్కర లేదు. రోగాన్ని అరికట్టడం అవసరమే. కాని వలసకూలీ వందల మైళ్ళు నడిచి ఇంటికి రావలసిన నిర్ణయాన్ని ప్రజాప్రతినిధుల ముందు పెట్టకపోవడం ఏ రోగానికి మందు? 2024 జూలైలో కేంద్ర ప్రభుత్వం జూన్ 25ను రాజ్యాంగ హత్యా దినంగా పాటించాలని ప్రకటించింది. హత్యకు వాడిన కత్తిని సాన పట్టి అరలో దాచుకున్నవాళ్ళే తద్దినం పెడుతున్నారు. నిజంగా పశ్చాత్తాపముంటే మూడో సెక్షన్ అమలుకు ఒక్క గెజెట్ కాగితం చాలు.

ఇప్పుడు రెండో మిత్రునికి జవాబు. రాజ్యాంగం పాలకవర్గపు ముద్ర ఉన్న కాగితమే. కాదనను. అయితే ఎనిమిది గంటల పనిదినం చట్టం కూడా కాగితమే గదా! అది ఎవరి నెత్తురుతో రాశారు? 21వ అధికరణాన్ని నిలిపివేయరాదన్న వాక్యం జనతా నాయకుల దయ కాదు. జైళ్ళలో మగ్గినవాళ్ళూ, ఉరికంబం ఎక్కినవాళ్ళూ, 1977లో ఓటు వేసినవాళ్ళూ దాన్ని రాయించారు. కాగితం మీద గెలుచుకున్నదాన్ని కాగితమే కదా అని వదిలేస్తే, గెలిచినవాణ్ణి మనమే అవమానించిన వాళ్ళమవుతాం. లాఠీ ఎవరి చేతిలో ఉందన్నది పెద్ద ప్రశ్నే. ఆ లాఠీ ఎన్నాళ్ళు లేవవచ్చు, ఎవరికి లెక్క చెప్పాలి అన్నది కూడా లాఠీ దెబ్బ తినేవాడికి చిన్న ప్రశ్న కాదు.

వామపక్షం ఈ విషయంలో ఒకే మాట మీద నిలబడిందని కూడా చెప్పలేం. 1975లో మార్క్సిస్టు పార్టీ ఆ ప్రకటనను వ్యతిరేకించింది, విప్లవకారులు ప్రాణాలిచ్చారు, కమ్యూనిస్టు పార్టీ దాన్ని సమర్థించింది, 1978 భటిండా మహాసభలో ఆ సమర్థన తప్పని తేల్చింది. ఫాసిజాన్ని ఎదిరించడానికి అధికారం కావాలి కదా అన్నది నాటి తర్కం. ఈ తర్కానికి 1962 ముందే జవాబు చెప్పింది: ఎవరి మీదకో అని ఇచ్చిన అధికారం మొదట మన మీదకే వచ్చింది. ఏ ప్రభుత్వం మంచిదైనా, ఏ శత్రువు చెడ్డవాడైనా, గడువు లేని అధికారాన్ని ఇవ్వరాదన్నది మనకు సూత్రం కావాలి తప్ప సందర్భాన్ని బట్టి మార్చుకునే ఎత్తుగడ కారాదు.

పశ్చిమ ప్రకాశం వాడిగా మరో మాట. ఆత్యయికం అంటే ఆలస్యాన్ని సహించనిది. ఇక్కడ ఆలస్యాన్ని సహించనిది ఏది? ఫ్లోరైడు నీళ్ళు తాగి వంగిపోయిన నడుములు, కరువుకు తాళం పడ్డ ఇళ్ళు, పలకల పనిలో దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. రెండు సొరంగాలు పూర్తి కావడానికి 2024 వచ్చింది. మనిషిని నిర్బంధించడానికి రాజ్యానికి ఒక్క రాత్రి చాలు. మనిషికి నీళ్ళివ్వడానికి ఇరవై ఎనిమిదేళ్ళకు సొరంగం వరకే రాగలిగింది. అత్యవసరం ఏదో ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్నలోనే వర్గ ప్రశ్న అంతా ఉంది.

అంచేత మన కోరికలు స్పష్టంగా ఉండాలి. మొదటిది, 44వ సవరణ మూడో సెక్షన్‌ను వెంటనే అమలు చెయ్యాలి. ఇందుకు కొత్త చట్టం కూడా అక్కర లేదు. రెండోది, విచారణ లేకుండా మనిషిని నిర్బంధించే ప్రతి చట్టానికీ 352కు పెట్టిన గడువే పెట్టాలి: రాతపూర్వకమైన కారణం, ప్రత్యేక మెజారిటీ, ఆరు నెలలకు తనంత తాను చచ్చిపోవడం. మూడోది, ఉపసంహరణ నోటీసు ఇచ్చే హక్కు రాజ్యసభకూ, రాష్ట్రాల శాసనసభలకూ ఉండాలి. నాలుగోది, విపత్తు పేరుతో దేశాన్ని మూసేసే అధికారం నెల లోపు పార్లమెంటు ముందుకు రావాలి. వీటితో విప్లవం రాదు. విప్లవాన్ని గురించి మాట్లాడే నోళ్ళు మూతపడకుండా ఉంటాయి.

అధ్యాపక మిత్రులకు నా మనవి: 352వ అధికరణాన్ని పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా చెప్పకండి. తేదీలతో చెప్పండి, ఓట్ల లెక్కతో చెప్పండి, గిరాయిపల్లి పేరుతో చెప్పండి. విద్యార్థి మిత్రులకు నా మనవి: ప్రకటన చేసేవాణ్ణి తిట్టడంతో ఆగకండి, గడువు ఎప్పుడని అడగండి. ఆ ప్రశ్న మార్కాపురం నుంచీ గిద్దలూరు నుంచీ ప్రతి ఊరి నుంచీ ఢిల్లీకి వినిపించిన నాడు, పదోవంతు కోసం 55 మంది సభ్యులను వెతుక్కోవలసిన పని ఉండదు. వాళ్ళే మనల్ని వెతుక్కుంటూ వస్తారు.